బంగారు నాణెములపై ఆఫ్రికా మృగములు

(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఈ వేదికపై ప్రతి సంవత్సరమును ప్రబంధములను గూర్చియు, పదకవితను గూర్చియు పెద్దలు ప్రసంగించుట వాడుక. ఈ యేడు కార్యదర్శిగారు నా యింటికి విచ్చేసి, "అయ్యా, మీరు నాణెములు సేకరిస్తారట కదా, ఆ విషయమే నాలుగు మాటలు చెప్పండి" అని కోరిరి. నేను ముప్పదియైదేండ్లు లెక్కల శాఖలో పనిచేసినవాడను. ఇతరుల బంగారమును కాగితముపై లెక్కించితినే గాని, నా చేత బంగారము నిలిచినది తక్కువ. అయినను, ఒక బంగారు నాణెము నలువది సంవత్సరములకు పైగా నా మనస్సును విడువలేదు. అది నాది కాదు; ఎన్నడును నాది కాలేదు. దాని కథతోనే ఈ ప్రసంగమును ప్రారంభింతును.

దానికి ముందు ఒక్క మాట. బంగారు నాణెము తెలుగువారికి క్రొత్తది కాదు. మన తల్లుల మెడలలోని కాసులపేరు నాణెముల సరమే గదా! తాతలనాటి పేళ్లలో ఇంగ్లీషు సవరనులు గ్రుచ్చిన వానిని మీరును చూచియుందురు. సవరను ఎనిమిది గ్రాములకు రవంత తక్కువ తూగును. వన్నె ఇరువదిరెండు క్యారట్లు. దానిపై ఒకవైపు రాణి గాని రాజు గాని, రెండవవైపు సర్పరాక్షసుని చంపుచున్న గుఱ్ఱపురౌతు. అయితే మన యిండ్లలో ఆ రౌతును ఎవరు చూచిరి? పేరులో ఎన్ని కాసులున్నవి, ఎన్ని తులములు తూగును, ఇదియే ప్రశ్న. సేకరణము చేయువాని చూపు వేరు. అతడు తూకమునకు ముందు బొమ్మను చూచును. బొమ్మను చూచిన పిమ్మట ఆ నాణెమును ఎవరు, ఎప్పుడు, ఎందుకు, ఎన్ని కొట్టించిరని విచారించును.

1981వ సంవత్సరమున నేను డెప్యుటేషనుపై టాంజానియా దేశమునందు దారెస్సలాము నగరములో ఉంటిని. అక్కడ గుజరాతీ వర్తకులు తరతరములుగా స్థిరపడియున్నారు. మా బసకు దగ్గరగా ఒక వృద్ధ వర్తకుని గడియారముల దుకాణము ఉండెడిది. సాయంకాలము అక్కడ కూర్చుండి హిందీలో మాటలాడుకొనుట నాకు అలవాటైనది. ఒకనాడు ఆయన ఇనుప పెట్టె తెరచి, "దేఖో భాయీ, మీ దేశంలో లేనిది ఒకటి చూపిస్తాను" అని మఖ్మలు సంచి నుండి ఒక నాణెమును తీసి నా యెదుట ఉంచెను.

అది 1974లో టాంజానియా ప్రభుత్వము వెలువరించిన 1,500 షిల్లింగుల బంగారు నాణెము. తూకము 33.437 గ్రాములు, పది పాళ్లలో తొమ్మిది పాళ్లు మేలిమి. బొమ్మవైపు అధ్యక్షుడు జూలియస్ న్యెరెరే, బొరుసువైపు చీతా. ఆ చిన్న మృగపు ముఖముపై కంటికొనల నుండి నోటి వఱకు జాఱిన నల్లని చారలు సహితము స్పష్టముగా చెక్కబడియుండెను. నేను దీపము క్రిందికి జరిపి చాలసేపు చూచితిని.

ఆ నాణెము ఒంటరిది కాదు; ఒక మాలలోని పూస. 1961లో స్థాపింపబడిన ప్రపంచ వన్యప్రాణి నిధియు, ప్రకృతి సంరక్షణకై యేర్పడిన అంతర్జాతీయ సంఘమును కలిసి, 1970 దశకమున ఈ నాణెముల పథకమును నడపినవి. ఇరువదినాలుగు దేశములు ఇందు పాల్గొన్నవి. ఒక్కొక్క దేశము తన యడవులలో ఆపదపాలైన మృగపక్షుల నుండి మూడింటిని ఎన్నుకొని, ఒకదానిని బంగారముపైనను, రెండింటిని వెండిపైనను ముద్రింపవలెను. నాణెములు బ్రిటను దేశపు రాజకీయ టంకశాల కొట్టెను. అమ్మకము వలన వచ్చిన లాభములో కొంత భాగము వన్యప్రాణుల సంరక్షణకు పోవును.

ఏ దేశము ఏ మృగమునకు బంగారపు పీట వేసినదో గమనించుట ఈ సేకరణలోని పెద్ద ఆనందము. జైరే దేశము 1975లో చిరుతపులిని, సూడాను 1976లో కొడవలి కొమ్ముల ఒరిక్సు జింకను, ఇథియోపియా 1978లో తన కొండలలో తప్ప మఱెక్కడను లేని వాలియా యను అడవిమేకను ఎన్నుకొన్నవి. బోట్స్వానా అదే సంవత్సరమున గోధుమవన్నె దుమ్ములగొండికి ఆ పీట వేసినది! జాంబియా 1979లో అడవికుక్కను నిలిపినది. దుమ్ములగొండిని మనము శ్మశానముతో జోడించి అసహ్యించుకొందుము; అడవికుక్కలను ఆఫ్రికాలో తెల్లదొరలు తెగులుగా భావించి కాల్చి చంపిరి. లోకము ఈసడించిన జంతువును బంగారముపై నిలిపిన ఆ ప్రభుత్వములకు చేయెత్తి నమస్కరింపవలెనని నాకు తోచును.

ఇక ఆ గుజరాతీ వృద్ధుని మాట. "మీ దేశంలో లేనిది" అని ఆయన పరిహాసమునకు అన్న మాట నా గుండెకు తాకినది. చీతా యను పేరే మనది. చిత్రకమను సంస్కృత పదము హిందీలో చీతా యైనది; దానినే ఇంగ్లీషువారు గైకొని ప్రపంచమునకు ఇచ్చిరి. అక్బరు చక్రవర్తి వేయి చీతాలను పెంచెనని ప్రతీతి. రాజులు వానిని కన్నులకు గంతలు కట్టి బండ్లపై తీసికొనిపోయి జింకల వేటకు విడిచెడివారు. 1947లో కొరియా సంస్థానమున మూడు చీతాలు ఒకే రాత్రి వేటతుపాకికి బలియైనవి. 1952లో మన దేశమునందు ఆ జాతి అంతరించినదని ప్రకటించిరి. పేరును ప్రపంచమునకు దానమిచ్చి, పేరుగల ప్రాణిని పోగొట్టుకొన్న దేశము నుండి వచ్చినవాడను నేను; ఆ ప్రాణిని పరదేశపు బంగారముపై చూచుచుంటిని.

వర్తకుడు వెల చెప్పెను. అది నా ఆఱునెలల మిగులుబాటునకు సమానము. అంత వెల గల సొత్తు కొన్నచో కార్యాలయమునకు తెలియజేయవలెనన్న నిబంధన మన అందఱికిని తెలిసినదే. ఆ రాత్రి అర్జీ చిత్తు కూడ వ్రాసితిని. మఱునాటి తపాలాలో మా అమ్మ వ్రాయించిన ఉత్తరము వచ్చినది: "నాయనా, చెల్లికి సంబంధం కుదిరింది. కట్నం అడగలేదు, మంచివాళ్లు. పిల్ల మెడలోకి కాసులపేరు మాత్రం మనమే పెట్టాలి. నీకు వీలవుతుందా?"

వీలవునా యని అడిగినది; పంపుమని అనలేదు. నేను అర్జీని చించివైచితిని. 1982 వైశాఖమున మా చెల్లెలి వివాహము జరిగినది. ఆ కాసులపేరు కాసులపై లక్ష్మీదేవి బొమ్మ కలదు. అది నేడు మా చెల్లెలి మనుమరాలి మెడలో నున్నది. నేను నష్టపడితినని ఎన్నడును తలంపలేదు. కాని, చీతా నాణెమును మఱచితినని చెప్పినచో అబద్ధమగును.

దారెస్సలాము విడుచునపుడు ఆ వృద్ధుడు నా మనస్సు గ్రహించి, అదే వరుసలోని రెండు వెండి నాణెములను స్వల్పమైన వెలకు, రసీదుతో సహా ఇచ్చెను. ఒకటి 25 షిల్లింగులది, దానిపై జిరాఫీ. రెండవది 50 షిల్లింగులది. దానిపై నల్లని ఖడ్గమృగము. వానిని నేటి వఱకు భద్రముగా దాచితిని. ఇల్లు మాఱినపుడెల్ల ముందు ఆ పెట్టెనే చేతబట్టుకొంటిని.

ఇక్కడ లెక్కలవాడనగుట నాకు శిక్షయైనది. పదవీ విరమణానంతరము ఒకనాడు ఆ నాణెముపై మృగమును గూర్చి చదువబూనితిని. 1970 ప్రాంతమున ఆఫ్రికా ఖండమున నల్లని ఖడ్గమృగములు సుమారు 65,000 ఉండెడివి. 1995 నాటికి మిగిలినవి 2,410. యెమెను దేశమున బాకుల పిడులకును, తూర్పు ఆసియాలో ఔషధములకును కొమ్ము కావలసివచ్చుటయే ఇందుకు ముఖ్య కారణము. నా పెట్టెలో నాణెము గీత పడలేదు, మెఱుగు చెడలేదు; నాణెముపై మృగము మాత్రము ఆ ఇరువదియైదేండ్లలో నూటికి తొంబదియాఱు పాళ్లు నశించినది. ప్రారంభపు నిల్వ, ఖర్చు, ముగింపు నిల్వ. ఇంతటి లెక్కను నా ఉద్యోగ జీవితమున నేనెన్నడును చూడలేదు. తరువాత కావలి పెంచి, కొన్నింటిని క్రొత్త తావులకు తరలించి, పట్టుదలతో కాపాడుటచేత వాని సంఖ్య మరల 6,000 దాటినది. ఈ జమ పద్దు చదివిననాడు నాకు నిద్ర పట్టినది.

సూడాను బంగారు నాణెముపై ఒరిక్సు కథ ఇంకను విచిత్రమైనది. తెల్లని యొడలు, కొడవలివలె వెనుకకు వంగిన పొడవైన కొమ్ములు గల ఈ జింక సహారా యంచులలో మందలుగా తిరిగెడిది. 1976లో అది బంగారముపైకి ఎక్కినది. 2000వ సంవత్సరమున అడవులలో అది పూర్తిగా నశించినదని ప్రకృతి సంరక్షణ సంఘము ప్రకటించినది. అనగా కొంతకాలము ఆ మృగము జంతుశాలలలోను, పెంపక క్షేత్రములలోను, సేకరణకర్తల పెట్టెలలోను మాత్రమే ఉండినది. 2016 నుండి చాద్ దేశమున వానిని మరల విడుచుచు వచ్చిరి. అక్కడ అవి పిల్లలను కనినవి. 2023లో ఆ ప్రకటనను సవరించి, ఆపదలోనున్న జాతిగా దానిని తిరిగి నమోదు చేసిరి. జంతుశాలలో ప్రాణముతో మిగిలినది గనుక తిరిగి రాగలిగినది. నాణెముపై మిగిలినంతమాత్రమున ఏ మృగమును తిరిగి రాలేదు.

ఇప్పుడు రెండవ తెగ నాణెములను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. ఇవి బంగారమును కొని దాచుకొనువారికై కొట్టినవి. 1967లో దక్షిణాఫ్రికా క్రూగరాండు నాణెమును వెలువరించినది. బొమ్మవైపు పాల్ క్రూగరు, బొరుసువైపు స్ప్రింగ్‌బాక్ జింక. ఇరువదిరెండు క్యారట్ల వన్నె. మొత్తము తూకము 33.93 గ్రాములు, అందు మేలిమి సరిగా ఒక ట్రాయ్ ఔన్సు, అనగా 31.1 గ్రాములు. దానిపై వెల అంకె ముద్రింపబడదు. నాటి బంగారపు ధరయే దాని ధర. అయితే మన తరమువారికి అది నిషిద్ధమైన వస్తువు. వర్ణవివక్షకు నిరసనగా 1946లోనే ఆ దేశముతో వర్తకము మానిన దేశము మనది. మన పాసుపోర్టులపై దక్షిణాఫ్రికాకు చెల్లదని అచ్చువేసియుండిన దినములు మీలో పెద్దలకు జ్ఞాపకముండును. 1985లో అమెరికాయు, మఱుసటి యేడు పశ్చిమ ఐరోపా దేశములును ఆ నాణెముల దిగుమతిని ఆపివేసినవి. 1994లో ఆ దేశమున అందఱికిని ఓటుహక్కు వచ్చి ప్రజాప్రభుత్వ మేర్పడినది. అదే సంవత్సరమున అక్కడి టంకశాల నాట్యురా అను పేర మేలిమి బంగారు నాణెముల వరుసను సింహముతో ప్రారంభించినది. తరువాతి యేండ్లలో ఖడ్గమృగము, ఏనుగు, అడవిదున్న, చిరుతపులి వచ్చినవి. ఇవి పరిమిత సంఖ్యలో వెలువడునవి.

సోమాలియా పేర వెలువడు ఏనుగు నాణెములును ప్రసిద్ధములే. ఏటేట బొమ్మ మాఱును. అయితే వానిని కొట్టునది జర్మనీలోని బవేరియా రాష్ట్ర టంకశాల. నాణెముపై పేరును చూచి అది ఆ దేశపు అంగడిలో ఉప్పుపప్పులు కొనుటకు చెల్లుచున్నదని తలంపరాదు.

ఇక పరిమిత సంఖ్య యను మాటను విప్పి చెప్పవలెను. ఈ మాట వలన నా సహోద్యోగి యొకరు పడిన బాధ నాకు తెలియును. ఆయన విదేశమున పనిచేయుచుండగా సింహము, ఏనుగు బొమ్మలు గల నాలుగు బంగారు నాణెములను నున్నని కొయ్యపెట్టెతో, సంఖ్య వేసిన పత్రముతో సహా కొనిరి. అందలి బంగారపు విలువకు దాదాపు రెట్టింపు చెల్లించిరి. "ప్రపంచంలో ఇవి కొన్ని వందలే ఉన్నాయట బ్రదర్, పదేళ్లలో చూడు" అని నాతో సంతోషముగా చెప్పిరి. రెండేండ్లకే ఆయన సతీమణికి శస్త్రచికిత్స అవసరమైనది. పెట్టెను తీసికొని నగల దుకాణమునకు పోగా, వారు పత్రమును పక్కకు నెట్టి, నాణెములను త్రాసులో వేసిరి. కరగింపునకు కొంత తగ్గించి తక్కినది ఇచ్చిరి. ఆ రెండేండ్లలో బంగారము ధర పెరిగియుండుటచే నష్టము కొంత పూడినది గాని, మిగిలినది ఆయన అప్పు చేయవలసివచ్చినది. చికిత్స జరిగినది, అమ్మగారు కోలుకొనిరి. ఆయన మాత్రము మరల నాణెముల ఊసెత్తలేదు.

ఇందు మోసమేమియు లేదు. పత్రము నిజమైనదే, సంఖ్యయు నిజమైనదే. కాని తక్కువగా ఉండుట వేఱు, కోరువారుండుట వేఱు. వందమాత్రమే కొట్టిన నాణెమును కోరువారు ఏబదిమందియే యైనచో అది అరుదైనది కాదు. నగ కొనునపుడు తరుగు, మజూరీ యని మనము చెల్లించునది తిరిగి అమ్మునపుడు ఎట్లు రాదో, బొమ్మకును పెట్టెకును చెల్లించిన హెచ్చుసొమ్మును అట్లే రాకపోవచ్చును. కనుక ఆ హెచ్చుసొమ్మును చూచి ఆనందించుటకై పెట్టిన ఖర్చుగా చిట్టాలో వ్రాసుకొనవలెను గాని, పొదుపుగా వ్రాసుకొనరాదు.

ఈ వ్యాసంగమున ప్రవేశింపగోరు యువకులకు కొన్ని సూచనలు. మొదట త్రాసు. ప్రతి నాణెమునకును ప్రకటింపబడిన తూకము, వ్యాసము, మందము ఉండును, మూడును సరిపోవలెను. తూకము సరిచేయుటకై వన్నె తగ్గించినచో మందము పెరుగును. నీటిలో ముంచి సాంద్రతను చూచుట పాతపద్ధతియే యైనను మంచిది. అయితే టంగ్‌స్టన్ లోహపు సాంద్రత మేలిమి బంగారమునకు మిక్కిలి చేరువ; లోపల దానిని పెట్టి పైన బంగారము పొదిగిన నకిలీలు నీటి పరీక్షకు దొరకవు, గీటురాయికిని దొరకవు. కావున అమ్మువాడెవరో ఎఱుగక కొనవలదు; రసీదు లేనిది అసలే వలదు.

రెండవది, సోదరీమణులకు ప్రత్యేక విన్నపము. కుంకుడురసముతో బంగారమును తోముట మన ఆచారము. సేకరణకై దాచిన నాణెమును తోమరాదు, తుడువరాదు, కొక్కెము అతికింపరాదు. ఒక్క అతుకుతో అది నాణెము కాక నగయగును. మూడవది మన ఉద్యోగులందఱికిని వర్తించునది. రెండు నెలల మూలవేతనమునకు మించిన చరాస్తి క్రయవిక్రయములను ఒక నెలలోపల పై యధికారికి తెలియజేయవలెనని ప్రవర్తన నియమావళిలోని 18వ నియమము చెప్పుచున్నది. సింహము బొమ్మయున్నంత మాత్రమున బంగారము చరాస్తి కాకపోదు.

అన్నిటికంటె ముఖ్యమైనది నాలుగవది. ఏ మృగమున్న నాణెమును కొనుచున్నారో ఆ మృగమును గూర్చి ముందు చదువుడు. అది ఎక్కడ బ్రదుకును, ఏమి తినును, ఎన్ని మిగిలినవి, ఎందువలన తగ్గినవి? టంకశాల తన నాణెముల సంఖ్యను ఒక్క కలముపోటుతో నిర్ణయింపగలదు. మఱుసటి సంవత్సరము క్రొత్త బొమ్మతో మరల కొట్టగలదు. అడవికి ఆ వీలు లేదు. ఇరువది చీతాలను తిరిగి తెచ్చుటకు మన దేశము ఎంత శ్రమపడినదో మీరెఱుగుదురు. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుండి ఎనిమిదియు, 2023 ఫిబ్రవరి 18న దక్షిణాఫ్రికా నుండి పండ్రెండును మధ్యప్రదేశమునందలి కూనో అడవికి వచ్చినవి. అవి మనము పోగొట్టుకొన్న ఆసియా తెగవి కావు. ఆ తెగ ఇరాను దేశమున బహు కొద్దిగా మిగిలియున్నది. వచ్చినవానిలో కొన్ని మరణించినవి, కొన్నింటికి ఈ గడ్డమీద పిల్లలు పుట్టినవి. ఆ పిల్లల వార్త చదివిన దినమున దారెస్సలాము వృద్ధుడు జ్ఞప్తికి వచ్చెను. "భాయీ, ఇప్పుడు మా దేశంలోనూ ఉంది" అని చెప్పుకొనుటకు ఆయన లేరు.

మిత్రులారా, నా రెండు వెండి నాణెములను నేడు వెంట తెచ్చితిని. సభ ముగిసిన పిదప ఈ బల్లపై ఉంచెదను. పిల్లలను ముందు రానిండు. నాణెమును అంచులు పట్టుకొని చూడవలెను. ముఖముపై వ్రేలు పెట్టరాదు. చూచిన ప్రతి బిడ్డకును ఖడ్గమృగముల లెక్కను, అరువదియైదు వేల నుండి రెండువేల నాలుగువందలకు, అక్కడ నుండి ఆఱువేలకు నడచిన లెక్కను నేను స్వయముగా చెప్పెదను. వారిలో ఒక్కరైనను ఇంటికి పోయి ఆ మృగమును గూర్చి ఒక పుస్తకము అడిగినచో, ఈ సాయంకాలము నాకు సార్థకమైనట్లే.